మంచం పట్టిన పెద్దవాళ్లకు కేర్ హోమ్ ఎంచుకోవడం ఎలా?

"నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. ఇంట్లో చూసుకునే మనిషి లేరు. హైదరాబాద్‌లో మంచి హోమ్ పేరు చెప్పండి." ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ నుంచి, ఒకసారి డాలస్ నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. పేరు చెప్పడం తేలికే గానీ దానివల్ల ఒరిగేది తక్కువ. నిరుడు బాగున్న హోమ్‌లో పాత సిస్టర్లు ఇద్దరు మానేసి, కొత్తగా పది మంచాలు వేశారంటే అది వేరే హోమ్ కిందే లెక్క. అందుకే మీరే వెళ్లి తేల్చుకునే పద్ధతి రాస్తున్నాం. విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా ఇదే పనికొస్తుంది.

కాన్పులు, ఆపరేషన్లు చేసే చిన్న ఆస్పత్రుల సంగతి ఇక్కడ లేదు. తమ పనులు తాము చేసుకునేవాళ్ల వృద్ధాశ్రమాల సంగతీ లేదు. లేవలేనివాళ్లను, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లను, గొట్టంతో ఆహారం తీసుకునేవాళ్లను నెలవారీ డబ్బు తీసుకుని చూసుకునే ఇళ్ల గురించే ఇదంతా. అమెరికాలోనైతే ఇలాంటి నర్సింగ్ హోమ్‌లలో దాదాపు అన్నిటినీ ప్రభుత్వమే తనిఖీ చేయించి 'కేర్ కంపేర్' అనే సైట్‌లో అయిదు స్టార్ల లెక్కన రేటింగ్ పెడుతుంది. మన దగ్గర అలాంటిది లేదు. గూగుల్‌లో స్టార్లు ఇచ్చేది అమ్మనో నాన్ననో చేర్చిన పిల్లలు, వాళ్లు చూసేది రిసెప్షన్. తనిఖీ చేయాల్సింది మీరే.

ఏం కావాలి

- రెండుసార్లు వెళ్లే తీరిక. ఒకసారి చెప్పి పగలు, ఒకసారి చెప్పకుండా రాత్రి.
- నోట్‌బుక్, కొలత టేపు, ఫోన్‌లో టార్చ్.
- తాజా డిశ్చార్జ్ సమ్మరీ, ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా.
- హోమ్‌కు గంట దూరంలో ఉండి, వారానికి ఒక్కసారైనా వెళ్లగల మనిషి. అన్నయ్యో, మేనకోడలో, నాన్నగారి పాత స్నేహితుడో ఎవరైనా సరే. మీరు విదేశాల్లో ఉంటే ఈ మనిషి దొరికాకే హోమ్ వెతకండి.

1. ముందు మీ మనిషి అవసరం ఒక పేజీలో రాయండి

సొంతంగా పక్కకు తిరగగలరా? చేత్తో తినగలరా? నీళ్లు తాగితే పొలమారుతుందా? మూత్రానికి గొట్టం ఉందా, డైపరా? ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, ఏ వేళకు? రాత్రి అరుస్తారా, లేచి తిరుగుతారా? బరువెంత? ఇప్పటికే ఎక్కడైనా పుండు ఉందా?

ఏదీ దాచకండి. చేర్చుకోరేమోనని భయపడి "రాత్రిళ్లు బాగా నిద్రపోతారండీ" అని చెబితే, మూడో రోజు నుంచి వాళ్లు నిద్రమాత్రతో ఆ మాట నిజం చేస్తారు. లేదా వారం తిరక్కుండా తీసుకెళ్లమంటారు.

2. ఫోన్‌లోనే వడకట్టండి

పది హోమ్‌లు తిరగాల్సిన పని లేదు. ఫోన్‌లో ఈ నాలుగూ అడిగితే సగం జాబితా తగ్గిపోతుంది.

- "ఇప్పుడు ఎంతమంది ఉన్నారు, వాళ్లలో మంచం దిగలేనివాళ్లు ఎంతమంది?"
- "రాత్రి పదింటికి ఎంతమంది మెలకువగా డ్యూటీలో ఉంటారు? వాళ్లలో నర్సింగ్ చదివినవాళ్లు ఎవరు?"
- "మేం ఎప్పుడైనా వచ్చి గదిలోకి వెళ్లి చూడొచ్చా?"
- "సీరియస్ అయితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు, వెంట ఎవరు వస్తారు?"

రెండో ప్రశ్నకు "ట్వెంటీఫోర్ అవర్స్ స్టాఫ్ ఉంటారు సార్" అన్నది జవాబు కాదు, అంకె చెప్పమనండి. మూడోదానికి "సాయంత్రం నాలుగు నుంచి ఆరు, అదీ హాల్లోనే" అంటే ఆ హోమ్ వదిలేయండి. మిగతావారి ప్రైవసీ కోసం కొన్ని వేళలు పెట్టుకోవడం సబబే. సొంత కొడుకును కూడా తల్లి గదిలోకి రానివ్వకపోవడానికి మాత్రం మంచి కారణం ఉండదు.

3. కాగితాలు చూడండి, కానీ వాటితోనే తృప్తిపడకండి

హోమ్ నడిపే సొసైటీ, ట్రస్టు లేదా కంపెనీ రిజిస్ట్రేషన్, ఫైర్ అనుమతి, ఆస్పత్రి వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం అడగండి. ఐవీలు పెడతాం, ఆక్సిజన్ ఇస్తాం, ఐసీయూ నుంచి వచ్చినవాళ్లనీ చూస్తాం అని ప్రచారం చేసుకుంటుంటే, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి దగ్గర వైద్య సంస్థగా రిజిస్టర్ అయ్యారా అన్నది కూడా అడగాలి.

నర్సుల సంగతి విడిగా తేల్చుకోండి. హోమ్‌లో తెల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరినీ 'సిస్టర్' అనే పిలుస్తారు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం మూడేళ్లు, ఏఎన్ఎం రెండేళ్ల చదువు. వీళ్లకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. కొన్ని నెలల శిక్షణతో వచ్చినవాళ్లు, పనివాళ్లను పంపే బ్యూరో నుంచి వచ్చిన ఆయాలు వేరు. ఒళ్లు తుడవడంలో, తినిపించడంలో వాళ్లు నర్సుల కంటే నేర్పరులు కావచ్చు. ఇన్సులిన్ మోతాదు మార్చడం, ముక్కు గొట్టం వేయడం మాత్రం వాళ్ల పని కాదు. "ఇన్సులిన్ ఎవరు ఇస్తారు, ఆవిడ సెలవులో ఉంటే ఎవరిస్తారు?" అని అడగండి.

4. తలలు లెక్కపెట్టండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. హోమ్‌లలో జరిగే అనర్థాల్లో చాలావాటికి మూలం మనుషులు చాలకపోవడమే.

"మా దగ్గర పద్నాలుగు మంది స్టాఫ్" అంటారు. అందులోంచి వంటమనిషి, వాచ్‌మన్, మేనేజర్, డ్రైవర్‌ను తీసేయండి. మనుషుల్ని ముట్టుకుని పని చేసేవాళ్లు పది మంది మిగిలారనుకుందాం. వారానికో సెలవు చొప్పున రోజుకు ఎనిమిది, తొమ్మిది మంది వస్తారు. పన్నెండు గంటల షిఫ్టులు రెండైతే ఒక్కో షిఫ్టుకు నలుగురు. పండగకు ఊరెళ్లినవాళ్లను తీస్తే ముగ్గురు. మీకు కావలసిన అంకె ఇది.

చాలా హోమ్‌లలో ఆయాలు అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారు. అప్పుడు పగలు పని చేసిన మనిషే కాగితం మీద రాత్రి డ్యూటీలోనూ ఉంటుంది. పగలంతా పనిచేసిన మనిషి రాత్రి నిద్రపోక ఏం చేస్తుంది? "రాత్రి డ్యూటీవాళ్లు పగలు ఎక్కడ పడుకుంటారు?" అని అడిగి చూడండి. చోటు చూపించలేకపోతే రాత్రి షిఫ్టు అనేదే లేదన్నమాట.

సరిపోతారా లేదా అన్నది ఇలా లెక్క కట్టండి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పి, వీపు చూసి, డైపర్ తడిసిందేమో చూసి, దిండ్లు సర్దడానికి తక్కువలో తక్కువ పది నిమిషాలు. అలాంటివాళ్లు పది మంది ఉంటే ప్రతి 120 నిమిషాల్లో 100 నిమిషాలు ఇదే పని. ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. పైగా 70 కిలోల మనిషిని ఒక్కరే తిప్పాలంటే ఎత్తరు, ఈడుస్తారు. ఈడిస్తే చర్మం చిరుగుతుంది. కదల్లేనివాళ్లు పది మంది ఉన్నచోట రాత్రి మెలకువగా ఉండే మనుషులు ఇద్దరికి తగ్గకూడదు.

ఇంకో కొలత. అమెరికాలో 2024లో ఒక నియమం తెచ్చారు: ఒక్కో మనిషికి రోజుకు 3.48 గంటల నర్సింగ్ సేవ ఉండాలని. 2025లో టెక్సస్ ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. అది మనకు చట్టమూ కాదు. లెక్కకు మాత్రం పనికొస్తుంది. 20 మంది ఉన్న హోమ్‌కు దాదాపు 70 గంటలు, అంటే పన్నెండు గంటల డ్యూటీలు ఆరు: పగలు నలుగురు, రాత్రి ఇద్దరు. మీరు చూస్తున్న చోట ఇందులో సగం కూడా లేకపోతే మిగతా మెట్లతో పనిలేదు, బయటికి వచ్చేయండి.

చివరగా, మేనేజర్ లేనప్పుడు ఒక ఆయాను పలకరించి "ఇక్కడ అందరికంటే పాతవాళ్లు ఎవరమ్మా, ఎన్నాళ్ల నుంచి ఉన్నారు?" అని అడగండి. ఎవరూ మూడు నెలలు దాటకపోతే జీతాలు సరిగా పడటం లేదని అనుకోవచ్చు.

5. లేవలేనివాళ్లను చూడండి

హాల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్లను అందరూ చూపిస్తారు. మీరు చూడాల్సింది లోపలి గదుల్లో పడుకున్నవాళ్లను. వాళ్లనూ, దగ్గరుంటే వాళ్ల బంధువులనూ అడిగే లోపలికి వెళ్లండి. దుప్పట్లు తొలగించి చూడటం, ఫొటోలు తీయడం వద్దు. దూరం నుంచి కనపడేవే చాలా చెబుతాయి.

- పిక్కల కింద దిండు ఉందా, మడమ గాల్లో తేలుతోందా? పరుపుకు ఆనుకుని ఉంటే పుండు పడే మొదటి చోట్లలో అదొకటి. మిగతావి నడుము కింద తోక ఎముక, తుంటి, మోచేతులు.
- గాలి పరుపు మోటారు ఆన్‌లో ఉందా? మెత్తగా ఒత్తి చూడండి. చాలా చోట్ల పరుపు ఉంటుంది, ప్లగ్ మాత్రం ఫోన్ చార్జర్‌కు ఇచ్చేసి ఉంటుంది. పరుపు పని చేస్తున్నా తిప్పడం తప్పదు.
- మూత్రం సంచి మంచం కంటే కింద, నేలకు తగలకుండా వేలాడాలి. పొట్ట మీద పెట్టినా, నేల మీద పడేసినా ఇన్ఫెక్షన్‌కు దారి.
- ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తున్నప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలి. ఇచ్చాక మరో అరగంట, గంట అలాగే ఉంచాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తుంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా అవుతుంది. ఈ ఒక్క తప్పు చూస్తే చాలు, ఆ హోమ్‌ను పక్కన పెట్టవచ్చు.
- మణికట్ల దగ్గర గుడ్డతో కట్టిన గుర్తులున్నాయా? గొట్టం పీకేసుకుంటున్నారని కడుతుంటారు. డాక్టరు రాశారా, ఎంతసేపటికోసారి విప్పుతున్నారు అని అడగండి.
- ఉదయం పదకొండింటికి హాల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది తలలు వాల్చి తూలుతున్నారా? అది వయసు వల్ల కాకపోవచ్చు.
- వేళ్ల సందుల్లో గోక్కుంటున్నారా? ఒకరికి గజ్జి వస్తే దుప్పట్ల ద్వారా, ఆయాల చేతుల ద్వారా హోమ్ అంతా పాకుతుంది. ఒక్కరికే మందు రాస్తే పోదు, అందరికీ ఒకేసారి రాయాలి. "కిందటిసారి వచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.

వాసన గురించి ఒక మాట. ఏదో ఒక గదిలో అప్పుడే మలం వాసన వస్తే తప్పు కాదు, డైపర్ మార్చే వేళ అయి ఉండొచ్చు. వరండాలో, పరుపుల్లో, కర్టెన్లలో పాత మూత్రం వాసన పట్టి ఉంటే తప్పు. ఫినాయిల్, అగరొత్తుల ఘాటు అంతకంటే ఎక్కువ ఉంటే ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

ఆయాలు వాళ్లను ఎలా పిలుస్తున్నారో వినండి. "మామ్మగారూ, కాస్త ఇటు తిరగండి" అంటున్నారా, "ఆరో నంబర్‌కు డైపర్ మార్చు" అంటున్నారా? మీరు ఉండగానే ఆరో నంబర్ అంటే, లేనప్పుడు ఏమంటారో ఊహించుకోండి.

6. మందులూ చార్టూ

ఒక ఖాళీ చార్టు, ఒక నిండిన చార్టు చూపించమనండి. పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి చూపించినా ఫర్వాలేదు. బీపీ, షుగరు, పక్కకు తిప్పిన వేళలు, తిన్నది, మూత్రం, మలం, నెల బరువు ఉండాలి.

చార్టు నిజమా, కూర్చుని ఒకేసారి నింపిందా అని తెలుసుకోవడం తేలిక. వారం రోజులూ బీపీ 120/80 ఉంటే అది రాసిందే, చూసింది కాదు. ఒకే పెన్ను, ఒకే చేతిరాతతో పగలూ రాత్రీ నిండి ఉంటే అంతే. మీరు మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తే సాయంత్రం నాలుగింటి గడి కూడా నిండిపోయి ఉండటం అరుదేమీ కాదు.

తర్వాత ఫ్రిజ్ తెరిపించండి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌కు ఆనించి గడ్డకట్టిస్తే ఇక పనికిరాదు. తెరిచిన సీసా మీద తెరిచిన తేదీ, మనిషి పేరు రాసి ఉండాలి. చాలా రకాలు తెరిచాక 28 రోజులే వాడాలి. ఒకే సీసాను నలుగురికి వాడుతుంటే ఆగిపోండి. వాడిన సూదులు మామూలు చెత్తబుట్టలోకి కాకుండా గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి.

ఇంకో ప్రశ్న మరవకండి: "నిద్రకు, గొడవ తగ్గడానికి ఇచ్చే మందులు ఎవరు రాస్తారు, మాకు చెప్పే మొదలుపెడతారా?" క్వెటియాపిన్, హాలోపెరిడాల్, లోరాజెపామ్ లాంటివి కొందరికి అవసరమే. డాక్టరు చూడకుండా, ఇంట్లోవాళ్లకు తెలియకుండా మాత్రం మొదలు కాకూడదు. ఇవి పడితే తూలి పడిపోతారు, సరిగా మింగలేరు, కదలక పుండ్లు పడతాయి.

7. భోజనం వేళకు వెళ్లండి

మెనూ కార్డు చదివి లాభం లేదు. తినిపించేటప్పుడు చూడండి. ఆయా కూర్చుని తినిపిస్తోందా, నిలబడి ముద్ద మీద ముద్ద కుక్కుతోందా? అయిదు నిమిషాల్లో ముగ్గురికి తినిపించడం అయిపోతే ఎవరూ తినలేదనే లెక్క.

పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకు పల్చటి చారు, నీళ్ల మజ్జిగ ప్రమాదం. గట్టి జావ, మెత్తగా కలిపిన పప్పన్నం నయం. డాక్టరు గానీ మింగుడు చూసే థెరపిస్టు గానీ ఏం చెప్పారో అదే చేయాలి. ఆ సంగతి వంటింట్లో తెలుసా? "మెత్తగా తినేవాళ్లు ఎవరెవరు?" అని వంటమనిషినే అడగండి.

రాత్రి భోజనానికి, మర్నాటి టిఫినుకు మధ్య ఎన్ని గంటలు? సాయంత్రం ఆరింటికి తినిపించి, పొద్దున తొమ్మిదింటికి ఇడ్లీ పెడితే పదిహేను గంటలు. షుగరు ఉన్నవాళ్లకు తెల్లవారుజామున షుగరు 70 కంటే కిందికి పడిపోయేది ఇలాంటి చోట్లే. రాత్రి తొమ్మిదింటికి పాలో, జావో ఇస్తారేమో కనుక్కోండి.

8. భవనం: టేపు తీయండి

ఈ హోమ్‌లు చాలావరకు అద్దెకు తీసుకున్న డూప్లెక్స్ ఇళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు. పెద్దవాళ్ల కోసం కట్టినవి కావు. చక్రాల కుర్చీ సాఫీగా వెళ్లాలంటే తలుపు 32 అంగుళాలు ఉండాలి. మన బాత్‌రూం తలుపులు చాలావాటికి అంత ఉండదు. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. మూడడుగుల పలక వేసి ర్యాంపు అంటే కుర్చీ బోర్లా పడుతుంది. కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీని గట్టిగా లాగి చూడండి, ఊగితే లేనట్టే.

లిఫ్టులో స్ట్రెచర్ పట్టదనే అనుకోండి. మరి రెండో అంతస్తులో ఉన్న లేవలేని మనిషిని కిందికి ఎలా దించుతారు? చేసి చూపించమనండి. కిటికీలకు గ్రిల్స్, ఒకే మెట్లదారి, రాత్రి గేటుకు తాళం ఉంటే ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. "ఓనర్ దగ్గర" అంటే అగ్నిప్రమాదంలో అందరూ లోపలే ఉండిపోతారు. మంటలార్పే సిలిండర్ ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉందా, రీఫిల్ తేదీ దాటిందా చూడండి. లేవలేనివాళ్లకు కింది అంతస్తు గదే అడగండి, నెలకు కాస్త ఎక్కువైనా.

ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లయితే కరెంటు సంగతి తప్పనిసరి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం, కాన్సంట్రేటర్, కరెంటు పోగానే ఆగిపోతుంది. ఇన్వర్టర్ దాన్ని లాగుతుందా, జనరేటర్ ఉందా? నిండిన బీ టైపు సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు ఉంటుంది: నిమిషానికి 2 లీటర్లయితే పన్నెండు గంటలు, 5 లీటర్లయితే అయిదు గంటలే. సిలిండర్ ఉంటే సరిపోదు, మీటరు, వాల్వు విప్పే స్పానర్ పక్కనే ఉండాలి.

9. రాత్రి చెప్పకుండా వెళ్లండి

రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య, కుదిరితే ఆదివారం. "పగలు వచ్చినప్పుడు గది కొలత మర్చిపోయాను" అని చెప్పండి చాలు. గేటు ఎంతసేపటికి తీశారు? మీకు చెప్పినంతమంది కనిపిస్తున్నారా? ఎవరైనా పిలుస్తుంటే ఎవరైనా వెళ్తున్నారా? అయిదు నిమిషాలు మౌనంగా నిలబడితే చాలు. లోపలికి రానివ్వకపోతే గొడవపడకండి. గేటు దగ్గర ఎవరు వచ్చారు, ఎలా మాట్లాడారు, లోపల నుంచి ఏం వినిపించింది అన్నది రాసుకుని వచ్చేయండి.

మీరు దూరంగా ఉంటే ఈ పని ఆ దగ్గరి మనిషితో చేయించండి. మేనేజర్ వీడియో కాల్‌లో తిప్పి చూపించేది దీనికి బదులు కాదు, కెమెరా ఎటు తిప్పాలో ఆయన చేతిలో ఉంది.

10. ఒప్పందం సంతకం చేసే ముందు

నెల ప్యాకేజీలో ఏవి లేవో అడగండి, ఏవి ఉన్నాయో అనే జాబితా ఎలాగూ ఇస్తారు. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, డాక్టర్ విజిట్, ఆక్సిజన్, గాలి పరుపు అద్దె, అంబులెన్స్, ఆస్పత్రిలో తోడు ఉండే అటెండర్... ఇవన్నీ విడిగా వేస్తే ప్యాకేజీకి చాలానే కలుస్తుంది. కిందటి నెల బిల్లు ఒకటి పేరు కొట్టేసి చూపించమనండి.

రాతపూర్వకంగా ఉండాల్సినవి: అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, ఆస్పత్రిలో ఉన్న రోజులకు ఎంత తీసుకుంటారు, ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల గడువు, పడిపోయినా జ్వరం వచ్చినా ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, ఎవరికి చేస్తారు, ఆస్పత్రికి తరలించే నిర్ణయం ఎవరిది.

అడగడానికి నోరు రాని ప్రశ్న ఒకటుంది, అయినా అడగాలి. హోమ్‌లోనే ప్రాణం పోతే ఏం చేస్తారు? చూస్తున్న డాక్టరు మరణ కారణం ధ్రువపత్రం ఇస్తారా? మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. పిల్లలు అమెరికా నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ పెట్టే ఏర్పాటు ఉందా? ఆ రాత్రి ఫోన్‌లో వెతుక్కోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం నయం.

బంగారం, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు, ఇంటి కాగితాలు హోమ్‌లో పెట్టకండి. ఒంటి మీద గాజులు, కమ్మలు ఉంచితే జాబితా రాసి ఇద్దరూ సంతకం చేయండి.

11. మొదటి నెల: పని చేస్తోందా లేదా చూసుకోవడం

చేర్చే రోజే సిస్టర్ ఎదురుగా మడమలు, తోక ఎముక, తుంటి ఫొటోలు తేదీతో తీయండి. బరువు రాయించండి. తర్వాత పుండు కనిపిస్తే "ఇంటి నుంచే వచ్చింది" అనే మాటకు తావుండదు, హోమ్‌కూ ఇది మంచిదే.

పుండు మొదట కనబడేది చర్మం రంగు మారడంగా. పుస్తకాల్లో ఎర్రగా అవుతుందని రాసి ఉంటుంది. మన చామనఛాయ చర్మం మీద అది నల్లగానో, ఊదాగానో, చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో ఉంటుంది. వేలితో నొక్కి తీస్తే రంగు మారకపోతే మొదలైందని అర్థం. ఆ దశలో తిప్పడం, ఒత్తిడి తీయడంతోనే మానుతుంది. చర్మం చిట్లాక వారాలు, ఎముక దాకా వెళ్తే నెలలు.

డైపర్లు మీరే కొనివ్వండి, లెక్కపెట్టి. మంచంలో ఉన్న మనిషికి రోజుకు మూడు నుంచి అయిదు పడతాయి. వారానికి పది, పన్నెండే అయ్యాయంటే తడిలోనే ఉంచుతున్నారు. వారానికి యాభై అయిపోతే, విరేచనాలేమీ లేకపోతే, పక్క మంచానికి వెళ్తున్నాయి.

బరువు నెలకోసారి. నెలలో 5 శాతం తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, డాక్టరుకు చూపించాల్సిందే. "ముసలితనం కదండీ" అనే జవాబు ఒప్పుకోకండి.

దూరాన ఉన్నవాళ్లు వాట్సాప్‌లో నవ్వుతున్న ఫొటో అడగడం మానేసి వారానికి మూడు అడగండి: రెండు మడమలు, నిన్నటి చార్టు పేజీ, తింటున్నప్పటి పది సెకన్ల వీడియో. వరండాలో సీసీ కెమెరా చూస్తూ కూర్చోవడం వల్ల తెలిసేది తక్కువ, తిప్పుతున్నారా లేదా అన్నది వరండాలో కనపడదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

డిశ్చార్జ్ అయిన రోజు సాయంత్రానికి హోమ్ తేల్చేయాలనుకోవడం అన్నిటికంటే పెద్దది. వారం పాటు బ్యూరో అటెండర్‌ను ఇంట్లో పెట్టుకోండి, ఆలోగా చూడండి. లేదంటే పదిహేను రోజులకే చేర్చుకుంటారా అని అడగండి. చాలా హోమ్‌లు ఒప్పుకుంటాయి.

రెండోది, పచ్చదనం చూసి ఊరికి దూరంగా చేర్చడం. మొయినాబాద్‌లో తోట బాగుంటుంది, మంచం దిగలేని మనిషి ఆ తోట చూడరు. తమ్ముడి ఇల్లు కూకట్‌పల్లిలో ఉంటే కూకట్‌పల్లిలోనే మామూలు హోమ్ మేలు, ఎందుకంటే వాడు వెళ్తాడు. ఎవరూ రాని మంచానికే అన్నీ ఆలస్యంగా అందుతాయి.

మూడోది, ఆయాల చేతిలో విడివిడిగా డబ్బు పెట్టడం. ఇచ్చినవాళ్ల మంచం చుట్టూ తిరిగి, ఇవ్వనివాళ్లను వదిలేయడం అలవాటవుతుంది, రేపు మీరు ఇవ్వని వారం మీ వంతు వస్తుంది. పండక్కి అందరికీ కలిపి మేనేజర్ ద్వారా చీరలో, మిఠాయిలో ఇవ్వండి.

బాగోలేదని తేలితే

మొదట మేనేజర్‌కు వాట్సాప్‌లోనో, మెయిల్‌లోనో తేదీ, ఫొటోతో రాయండి, నోటిమాటగా వదలకండి. మూడు రోజుల్లో మార్పు కనపడాలి. కొట్టడం, డాక్టరు రాయకుండా కట్టేయడం, తిండి పెట్టకపోవడం లాంటివైతే రోజులు ఇవ్వకండి: 112కు ఫోన్ చేసి, మనిషిని 108లో ఆస్పత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి, గాయాలు రికార్డులోకి ఎక్కుతాయి. సలహాకూ, సాయానికీ కేంద్ర ప్రభుత్వ ఎల్డర్‌లైన్ 14567 ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, తెలుగులో మాట్లాడతారు. వైద్యంలో నిర్లక్ష్యమైతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

వేరే చోటికి మార్చేటప్పుడు మందుల జాబితా, చివరి నెల చార్టుల జిరాక్సులు, ఇన్సులిన్ మోతాదు, గొట్టాలు మార్చిన తేదీలు తీసుకుని బయటికి రండి. అడ్వాన్స్ తిరిగి రాలేదని మనిషిని ఇంకో వారం అక్కడే ఉంచకండి, ఆ డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు.